గడ్డానికి దెబ్బ, చెవి ముందు నొప్పి

వానలు మొదలయ్యాయంటే మా ఓపీలో గడ్డం పగిలినవాళ్లు పెరుగుతారు. గుంతల్లో నీళ్లు నిలిచి రోడ్డు కనిపించదు, బండి ముందు చక్రం దిగబడుతుంది, మనిషి ముఖం మీద పడతాడు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దవడ కీలు గురించే. పిప్పిపళ్లు, పళ్ల క్లిప్పులు వచ్చే సంచికకు ఆగుతాయి.

జవాబులు చదివే ముందు రెండు చూపుడు వేళ్లనూ చెవుల ముందు ఆనించి నోరు తెరిచి మూయండి. వేళ్ల కింద కదులుతున్నవే ఆ కీళ్లు. నోరు తెరిచేటప్పుడు కింది దవడ తల మొదట ఉన్నచోటే తిరుగుతుంది, తర్వాత గూట్లోంచి ముందుకు జారుతుంది. మధ్యలో మెత్తటి బిళ్ల ఒకటి ఉంటుంది, అదీ కూడా జారుతుంది. కింది దవడ ఒకే ఎముక కాబట్టి ఒక వైపు కీలుకు ఏమైనా అయితే రెండో వైపు దానికీ పని మారిపోతుంది. కింద చెప్పబోయేవాటిలో సగం ఇక్కడినుంచే వస్తాయి.

ప్రశ్న: డాక్టరమ్మా, నేను చింతల్‌ల ఉంట, ఫుడ్ డెలివరీ చేస్త. ఏడు నెలల కింద వానల బాలానగర్ దిక్కు బండి జారి పడ్డ. టోపీ లెక్కుండే హెల్మెట్ పెట్టుకున్న. గదుమకు కుట్లేసిన్రు. ఎడమ దిక్కు చెవి దగ్గర దవడ బొక్క విరిగిందని పళ్లకు తీగలు కట్టి రబ్బర్లేసిన్రు, రెండు వారాలకు తీసిన్రు. మళ్ల ఎప్పుడు రమ్మన్నది, ఏం చేయాల్నన్నది ఎవరూ చెప్పలే. ఇప్పుడు నోరు తెరిస్తే గదుమ ఎడమకు పోతది. కుడి దిక్కు టక్కుమంటది. పొద్దున లేస్తే రెండు దిక్కులా పట్టేసినట్టుంటది. విరిగిన దిక్కు బరువు పడొద్దని కుడి దిక్కే నములుతున్న, అయినా ఎడమ నొప్పి పోతలేదు. మొన్న ఒక దగ్గర స్కాన్ తీసి, బొక్క వంకర అతుక్కుంది, కీలు మార్చాలె అన్నరు. మార్చుకోవాల్నా? అమ్మ ఏమో జొన్నరొట్టె బంద్ పెట్టింది. - ఒక పాఠకుడు, చింతల్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే కీలు మార్చాల్సిన పరిస్థితి నాకు కనబడటం లేదు. కృత్రిమ కీలును, ఎముక పూర్తిగా అతుక్కుపోయి నోరు తెరుచుకోనివాళ్లకు, దవడ తల అరిగి కరిగిపోయినవాళ్లకు, ముందు చేసిన ఆపరేషన్లు ఫలించనివాళ్లకు పెడతాం. మీరు నోరు తెరుస్తున్నారు, రొట్టె కోసం అమ్మతో గొడవ పడుతున్నారు. తొందర పడకండి.

స్కాన్‌లో ఎముక వంకరగా కనబడటం నిజమే అయ్యుంటుంది. తీగలు, రబ్బర్లతో వైద్యం చేసినప్పుడు విరిగిన ముక్కను మేం చేత్తో పట్టి నిటారుగా నిలబెట్టం. పళ్లు సరిగ్గా కలిసేలా చూసి, ముక్కను ఉన్న చోటే అతకనిస్తాం. చాలామందిలో అది పక్కకు ఒరిగే అతుకుతుంది, ఆ కొత్త రూపంతోనే కీలు పని నేర్చుకుంటుంది. కాబట్టి నేను ఫిల్ము కంటే ముందు మూడు సంగతులు చూస్తాను. పళ్లు మునుపటిలాగే కలుస్తున్నాయా? నోరు ఎంత తెరుచుకుంటోంది? నొప్పి ఎప్పుడు, దేనికి వస్తోంది? మొదటిది మీరు రాయలేదు. వెనక పళ్లు ఎడమ వైపు ముందే తగిలి, ముందు పళ్ల మధ్య సందు మిగిలిపోతుంటే సంగతి వేరు. అప్పుడు పళ్లు సరిచేయడం దగ్గర్నుంచి దవడ ఎముక కోసి మళ్లీ అమర్చడం దాకా మార్గాలున్నాయి. వాటిలోనూ కీలు మార్చడం అన్నింటికన్నా చివర వస్తుంది.

రెండోదానికి పిల్లల స్కేలు చాలు. అద్దం ముందు నిలబడి, పై ముందు పంటి అంచునుంచి కింది ముందు పంటి అంచుదాకా కొలవండి. పెద్దవాళ్లకు 40 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే హాయి. 35 లోపు ఉంటే పని ఉంది. మీ సొంత వేళ్లు మూడు నిలువుగా పడుతున్నాయా అన్నది ఇంటి లెక్క. కొలిచిన అంకెను తేదీతో ఫోన్‌లో రాసుకోండి. డాక్టరుకు "కొంచెం తక్కువుంది" అని చెప్పడం కంటే ఆ అంకెలు చూపించడం ఎంతో మేలు.

గడ్డం ఎడమకెందుకు పోతుందంటే, నోరు తెరిచేటప్పుడు దవడ తలను ముందుకు లాగే కండరం ఒకటి ప్రతి వైపూ ఉంటుంది. మీకు ఎడమ వైపు తల విరిగి, పొట్టిదై, సరిగ్గా జారడం లేదు. కుడిది మాత్రం నిండుగా జారుతుంది. ఒకటి వెళ్లి ఒకటి ఆగితే గడ్డం ఆగిన వైపుకే తిరుగుతుంది. ఎడమది చేయని పనిని కూడా మోస్తున్న కుడి కీల్లో బిళ్ల కాస్త జారి, మళ్లీ చోటుకు వచ్చేటప్పుడు ఆ టక్కుమనే చప్పుడు వస్తుంది. నొప్పి లేని చప్పుడుకు మందూ అక్కర్లేదు, కోతా అక్కర్లేదు. ఏదో ఒక రోజు చప్పుడు ఆగిపోయి, దాంతోపాటే నోరు రెండు వేళ్లకే ఆగిపోతే మాత్రం వారంలోపు చూపించుకోండి. అప్పుడు బిళ్ల ముందుకు జారి అక్కడే ఇరుక్కుందని లెక్క. రెండు సూదులతో కీలు లోపల సెలైన్‌తో కడిగితే ఇలాంటివి చాలావరకు విడుస్తాయి.

ఇక నమలడం. కుడి వైపే నములుతూ ఎడమ కీలుకు విశ్రాంతి ఇస్తున్నానని మీరు అనుకుంటున్నారు. గట్టిది ఒక వైపు పెట్టి కొరికినప్పుడు సాధారణంగా ఒత్తిడి ఎదుటి వైపు కీలు మీదే ఎక్కువ పడుతుంది. ఏడు నెలలుగా మీరు కాపాడుతున్న ఎడమ కీలే బరువు మోస్తోందన్నమాట. ఇకనుంచి రెండు వైపులా మార్చి మార్చి నమలండి. మొదటి రెండు వారాలు పప్పన్నం, ఇడ్లీ, మెత్తగా ఉడికిన కూరలు తినండి. ఆ తర్వాత రొట్టెను పప్పులోనో పులుసులోనో నానబెట్టి మొదలుపెట్టండి, కొన్నాళ్లకు నానబెట్టకుండానే తినొచ్చు. అమ్మకు ఈ పేజీ చూపించండి. చెరుకు, పల్లీపట్టి, కాల్చిన మక్కజొన్న కంకి ఇప్పట్లో వద్దు.

రబ్బర్లు తీసిన రోజే మీకు చెప్పాల్సిన వ్యాయామం ఇది. ఆలస్యమైనా మొదలుపెట్టండి. అద్దం మీద నిలువుగా ఒక గీత గీసి, పై ముందు పళ్ల మధ్య సందును ఆ గీతకు సరిగ్గా పెట్టండి. నాలుక కొనను అంగిటికి ఆనించి, గడ్డం గీత దాటకుండా నెమ్మదిగా తెరవండి. వంకర పోతే అక్కడే ఆగి, వెనక్కొచ్చి, మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత నోరు కొంచెం తెరిచి కింది దవడను కుడి వైపుకు జరపండి. మీకు కష్టమయ్యేది అదే, ఎందుకంటే గడ్డం కుడికి వెళ్లాలంటే విరిగిన ఎడమ తలే ముందుకు జారాలి. చివరికి కింది పళ్లను పై పళ్ల ముందుకు తేవాలి. ఒక్కో రకం పదేసిసార్లు, రోజుకు నాలుగైదు పూటలు చేయండి. ఆర్డర్ కోసం హోటల్ ముందు నిలబడ్డప్పుడు కూడా చేసుకోవచ్చు. ముందు వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు రెండు చెంపలకూ పది నిమిషాలు పెడితే కండరం వదులవుతుంది. లాగినట్టు అనిపించడం మంచిదే. గంటల తరబడి నొప్పి మిగిలిపోతే మాత్రం ఎక్కువ చేశారని అర్థం.

పొద్దున పట్టేసినట్టుండటాన్ని బట్టి మీరు రాత్రి పళ్లు కొరుకుతున్నారేమో అని నా అనుమానం. పక్కన పడుకునేవాళ్లను అడగండి. అదే అయితే మీ పళ్ల అచ్చు తీసి గట్టి ఆక్రిలిక్‌తో నైట్ గార్డ్ చేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్లలో మెత్తబరిచి కొరికే రబ్బరువి కొనకండి. వాటిని కొందరు ఇంకా ఎక్కువ నములుతారు. నొప్పి మాత్రలు నాలుగైదు రోజులకు మించి డాక్టరు చెప్పకుండా మింగకండి. రోడ్డు మీద ఎండలో తిరిగే పని, నీళ్లు తక్కువ తాగుతారు, కిడ్నీలకు మంచిది కాదు.

ఆపరేషన్ చేసి ప్లేట్లు వేసే మాట దెబ్బ తగిలిన మొదటి వారం, రెండు వారాల్లో తేలాల్సింది. కొందరికి అదే మంచిది, కొందరికి మీకు చేసినదే సరిపోతుంది. మీకు చేసిన వైద్యం తప్పని నేను అనను. దాని తర్వాత వ్యాయామం చెప్పకపోవడం, మళ్లీ రమ్మనకపోవడం మాత్రం వైద్యాన్ని సగంలో వదిలేయడమే. పాత, కొత్త ఫిల్ములన్నీ పట్టుకుని అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖాన పక్కనున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లండి. నోటి శస్త్రచికిత్స విభాగం ఎక్కడని అడగండి. పొద్దున్నే వెళితే చీటీ తొందరగా దొరుకుతుంది. రెండో అభిప్రాయం లేకుండా కీలు మార్పిడికి సంతకం పెట్టకండి.

ఇంకొక్క మాట, అడక్కపోయినా. టోపీ హెల్మెట్ పుర్రెను కొంత కాపాడుతుందేమో గానీ గడ్డాన్ని గాలికి వదిలేస్తుంది. గడ్డం ముందు కూడా గట్టి అడ్డు ఉండే ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనండి. ఉక్కపోస్తుందని అందరూ అంటారు, నిజమే. అయినా కొనండి.

ప్రశ్న: మేడమ్, మా పాపకు ఐదేళ్లు నిండాయి. రెండు నెలల క్రితం అపార్ట్‌మెంట్ మెట్ల మీద పడితే గడ్డం కింద తెగింది. వాంతి చేసుకుందని తల స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు, కుట్లు వేసి పంపారు. మచ్చ కూడా తగ్గిపోతోంది. కానీ పాప అన్నం తినడానికి గంట పడుతోంది. చిన్న ముద్దలైతేనే పెట్టించుకుంటుంది. నోరు పెద్దగా తెరవమంటే తెరవదు, మొండి చేస్తోందనుకున్నాం. బ్రష్ లోపలికి పోవడం లేదని మొన్ననే గమనించాను. దెబ్బ గడ్డానికి కదా, నోరెందుకు తెరవలేకపోతోంది? మా అత్తయ్య పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు, మా ఆయనేమో పెరిగితే అదే సర్దుకుంటుందంటున్నారు. - ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే పాపను తీసుకెళ్లండి. మిగతా ఉత్తరాలకు కొన్ని రోజులు ఆగొచ్చు, దీనికి ఆగకూడదు.

కింది దవడ గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. మధ్యలో గడ్డానికి తగిలిన దెబ్బ రెండు కొసలకు, అంటే చెవుల ముందున్న కీళ్లకు చేరుతుంది. అక్కడ ఎముక మెడ సన్నగా ఉంటుంది. అది విరగడం వల్లే చాలాసార్లు దెబ్బ పుర్రె లోపలికి వెళ్లకుండా ఆగుతుంది. అందుకే గడ్డం కింద తెగిన ఏ పిల్లకైనా, పెద్దకైనా, కుట్లు వేసే ముందు చెవుల ముందు నొక్కి చూడాలి, నోరు తెరిపించి చూడాలి. వాంతి చేసుకుందని తల స్కాన్ తీయడం సరైన పనే. అది మెదడు కోసం తీసేది. కీలు దానిలో పూర్తిగా పడకపోవచ్చు, పడినా ఎవరూ దాని కోసం వెతికి ఉండకపోవచ్చు.

చిన్నపిల్లల దవడ తల పెద్దవాళ్లలా గట్టి కాడ కాదు. పొట్టిగా, లావుగా, నిండా రక్తంతో ఉంటుంది. దెబ్బకు సన్నగా విరగకుండా కీలు సంచి లోపలే నలిగిపోతుంది. ఎముక పొడి, రక్తం కలిసి ముద్ద కడతాయి. పిల్ల నొప్పికి నోరు కదపదు, మనం కూడా పాపం నొప్పి అని మెత్తగా చిన్న ముద్దలు చేసి పెడతాం. కదలిక లేని ఆ ముద్ద కొన్ని నెలల్లో ఎముకగా మారుతుంది. పుర్రె, దవడ ఒకే ఎముకగా అతుక్కుపోతాయి. దీన్నే కీలు బిగింపు అంటాం, వైద్యుల భాషలో ఆంకిలోసిస్. మన దేశంలో నేను చూసే బిగింపుల్లో ఎక్కువ భాగం వెనక ఇలాంటి చిన్నప్పటి దెబ్బ ఒకటి ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని మరిచిపోయి కూడా ఉంటారు.

మీ పాపకు బిగింపు వచ్చేసిందని నేను ఇక్కడ కూర్చుని అనలేను. రెండు నెలలంటే చాలావరకు ఇంకా గట్టిపడని దశే అయ్యుండొచ్చు, అందుకే ఈ తొందర. పాప తన సొంత వేళ్లు, మీవి కాదు, నిలువుగా మూడు పట్టించగలదేమో చూడండి. రెండే పడితే అనుమానం, ఒకటే పడితే ఇంకా పెద్ద అనుమానం. ఇంకా మూడు సంగతులు గమనించి రాసుకెళ్లండి. నోరు తెరిచినప్పుడు గడ్డం ఏ వైపుకు పోతోంది? నిద్రలో గురక పెడుతోందా, ఊపిరి ఆగి ఉలిక్కిపడుతోందా? చెవి ముందు వేలు పెడితే ఏ వైపు కదలిక తగ్గింది? డాక్టరు ముందు పళ్లూ దవడా మొత్తం ఒకే ఫిల్ములో పడే ఎక్స్‌రే, అంటే ఓపీజీ, తర్వాత కీలు కోసం సీటీ గానీ కోన్ బీమ్ సీటీ (పళ్లు, దవడ వరకే తీసే సీటీ) గానీ తీయిస్తారు. రేడియేషన్ అని భయపడకండి, ఇక్కడ అది అవసరం.

ఎముక ఇంకా కలవకపోతే పాపకు కత్తి తగలకపోవచ్చు. వ్యాయామమే మందు. అవసరమైతే ఒకసారి మత్తిచ్చి నోరు తెరిపించి, మర్నాటి నుంచే వ్యాయామం మొదలుపెడతారు. ఐస్‌క్రీమ్ పుల్లలు శుభ్రంగా కడిగి, వెనక పళ్ల మధ్య ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోతాం. ఈ వారం ఎన్ని పట్టాయో, వచ్చే వారం ఒకటి ఎక్కువ పట్టాలి. ఏ వైపు, ఎంతసేపు, ఎన్నిసార్లు అన్నది ఎక్స్‌రే చూసిన డాక్టరే చెప్పాలి. ముందే మీరు బలవంతంగా పుల్లలు తోయకండి. అద్దం ముందు సింహంలా నోరు తెరవడం, తెలుగు అచ్చుల్లో "ఆ" అని సాగదీసి పాడటం ఈ రోజునుంచే ఆటలా చేయించొచ్చు. పిల్లల ఎముకకు ఒక వరం ఉంది. కదలిక ఉంటే నలిగిన తల మళ్లీ తనను తాను మలుచుకుంటుంది. అంత బాగా పెద్దవాళ్లలో జరగదు.

పిల్లలకు పెద్దవాళ్లలాగా రెండు మూడు వారాలు నోరు కట్టేయకూడదన్నది ఇందుకే. కట్టాల్సి వచ్చినా వారం, పది రోజులకు మించకూడదు. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి, చేతికీ కాలికీ కట్టే కట్ల గురించి నేను వాదించను. కానీ దవడ కీలుకు కట్టే కట్టంటూ లేదు. తల చుట్టూ గడ్డం కింద గట్టిగా కడితే నోరు మూసుకుపోతుంది, మనం ఏది కాకూడదని చూస్తున్నామో సరిగ్గా అదే అవుతుంది.

మీ వారి మాటకూ జవాబు చెప్పాలి. పెరిగేకొద్దీ సర్దుకోదు. దవడ పొడుగు పెరగడానికి ఆ తలలో ఉండే ఎదుగుదలే ముఖ్యం. అది ఆగిపోతే గడ్డం వెనక్కుండిపోతుంది, పై పళ్లు ముందుకొచ్చినట్టు కనబడతాయి. ఒక వైపే బిగిస్తే ముఖం వంకర పెరుగుతుంది. అందులోనూ కంటికి మోసం ఉంది. బిగుసుకున్న వైపు బుగ్గ నిండుగా, గుండ్రంగా కనిపిస్తుంది, బాగున్న వైపు చప్పగా సాగినట్టుంటుంది. తల్లిదండ్రులు బాగున్న వైపు చూపించి "ఇటు ఎదగడం లేదమ్మా" అంటారు. దవడ వెనక్కుంటే నాలుక వెనక్కి పడి నిద్రలో ఊపిరికి అడ్డు తగులుతుంది. బ్రష్ పోని నోట్లో పళ్లు పుచ్చుతాయి. పుచ్చిన పన్ను తీద్దామంటే నోరు తెరుచుకోదు.

నిజంగానే ఎముక కలిసిపోయి ఉంటే ఆపరేషన్ తప్పదు. కలిసిన ఎముకను తీసి సందు చేస్తారు, మళ్లీ అతుక్కోకుండా కణత దగ్గరి కండరపు పొరను మధ్యలో అడ్డం వేస్తారు. ఎదిగే పిల్లలకు కొన్నిసార్లు పక్కటెముక ముక్క తెచ్చి దవడ తలగా నిలబెడతారు. నోరు తెరుచుకోని పిల్లకు మత్తివ్వడం మత్తు డాక్టరుకు కష్టమైన పని. ముక్కులోంచి కెమెరా గొట్టం పంపి ఊపిరి గొట్టం వేయాలి. అందుకని ఆ సదుపాయం ఉన్న చోటే చేయించండి. ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది పాటు రోజూ వ్యాయామం చేయించాలి. పిల్ల ఏడుస్తుంది, మీకు చేతులు రావు. ఆ ఏడుపుకు ఆగిపోయిన ఇళ్లలోనే కీలు మళ్లీ బిగుసుకోవడం నేను ఎక్కువగా చూశాను. ఖర్చు సంగతి భయపెడుతుంటే రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ఆరోగ్యశ్రీ కింద వస్తుందేమో అడగండి. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు.

ప్రశ్న: (ఈ ఉత్తరం వేయడం లేదు, ఊరు కూడా వేయడం లేదు.)

జవాబు: మీ ఉత్తరం మీ ఇంట్లో ఎవరైనా గుర్తుపట్టొచ్చు, అందుకని జవాబు ఒక్కటే రాస్తున్నాను. తలుపు తగిలిందని రాశారు, రెండుసార్లు తగిలిందని రాశారు. ఎలా తగిలిందన్నది మీరు ఎవరికి చెప్పాలనుకుంటే వాళ్లకు చెప్పండి, నేను అడగను. చెంప ఎముక దగ్గర లోపలికి సొట్ట పడి నోరు సగమే తెరుచుకుంటోందంటే కీలు బాగానే ఉండొచ్చు. చెంప కమాను ఎముక విరిగి లోపలికి నొక్కుకుంటే దవడ ఎముక కొస దానికి తగిలి ఆగిపోతుంది. కణత మీద, జుట్టు లోపల చిన్న కోత పెట్టి దాన్ని పైకి లేపుతారు. మొదటి రెండు వారాల్లో చాలా తేలిక, తర్వాత కష్టం. ఈ వారమే వెళ్లండి. డాక్టరు దగ్గర ఒంటరిగా మాట్లాడతానని అడిగే హక్కు మీకుంది. గాయం వివరాలు రాతలో ఉండేలా చూసుకోండి, ఈ రోజు మీకు అవసరం లేకపోయినా సరే. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. నగరంలో భరోసా కేంద్రం ఉంది, అక్కడ పోలీసు, వైద్యం, సలహా ఒకే చోట దొరుకుతాయి.

ప్రశ్న: క్రికెట్ బంతి తగిలిన దగ్గర్నుంచి నోరు సరిగ్గా తెరవలేకపోతున్నాను. కారం అసలు తినలేను, నోరు మండుతుంది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు. కీలు బిళ్ల జరిగిందంటారా? - కాటేదాన్ నుంచి

జవాబు: బంతి దెబ్బకు కారం మండదు. గుట్కా, పాన్ మసాలా, వక్క... వీటిలో ఏది, ఎన్నేళ్లుగా? మీరు రాయలేదు గానీ ఈ నగరంలో "నోరు తెరుచుకోవడం లేదు" అని వచ్చే కుర్రవాడిని నేను మొదట అడిగేది ఇదే. వక్క వల్ల బుగ్గల లోపలి పొర తెల్లబడి, పట్టీలా బిగుసుకుంటుంది. చూపుడు వేలితో బుగ్గ లోపల తడిమితే నిలువుగా తాళ్లలా తగులుతాయి. బంతి తగిలి నాలుగు రోజులు నోరు నొప్పి పెట్టడంతో, అంతకుముందే తగ్గిపోతూ వచ్చిన తెరుపును మీరు అప్పుడు గమనించారంతే. ఇది క్యాన్సర్‌కు దారి తీయగలదు. వక్క ఈ రోజే మానేయండి, బుగ్గలు చూపించుకోండి. మానినా నోరు పూర్తిగా పాతలా తెరుచుకోకపోవచ్చు. కానీ మానకపోతే ఏ వైద్యమూ నిలవదు.

ఇదే చోట అందరికీ ఇంకొకటి. మట్టి, తుప్పు తగిలిన గాయం అయ్యాక కొన్ని రోజులకు నోరు పట్టేసి, దాంతోపాటు మెడ, వీపు బిగుసుకుంటే అది కీలు జబ్బు కాదు. ధనుర్వాతం అయ్యుండొచ్చు. డెంటిస్టు కోసం వెతక్కుండా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

ప్రశ్న: నా వయసు 71. మూడేళ్ల కింద బాత్రూంలో పడి దవడకు దెబ్బ తగిలింది, అప్పుడు తగ్గింది. ఇప్పుడు ఆవులిస్తే నోరు అలాగే తెరుచుకుని ఉండిపోతోంది. మొన్న మా పక్కింటాయన చెంప మీద ఒక్కటి కొట్టాడు, మళ్లీ చోట్లో పడింది. ఇలా చేయొచ్చా? - మల్కాజిగిరి

జవాబు: మీ పక్కింటాయన అదృష్టవంతుడు, మీరు ఇంకా అదృష్టవంతులు. కొట్టడం వల్ల ఎముక విరగొచ్చు, ఈ వయసులో మరీను. నోరు తెరుచుకుని ఆగిపోయిందంటే దవడ తల గూడు ముందున్న గట్టు దాటి అవతల పడిందని అర్థం. తెలిసినవాళ్లు బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుని, వెనక పళ్ల మీద పెట్టి, ముందు కిందికి నొక్కి తర్వాత వెనక్కి తోస్తారు. గంటలు గడిచేకొద్దీ కండరం బిగుస్తుంది, అందుకే దగ్గరి ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి పెట్టుకోండి. కట్టుడు పళ్లు అరిగిపోయి ఉంటే మార్పించండి. మళ్లీ మళ్లీ జరుగుతుంటే వైద్యం ఉంది, చూపించుకోండి.

ప్రశ్న: నెల కింద మా తమ్ముడికి దవడ విరిగితే ప్లేట్లు వేశారు. రంజాన్ నెల, పైగా ఇంట్లో పెళ్లి. వాడు హలీం, బిర్యానీ అంటున్నాడు. పెట్టొచ్చా? - టోలిచౌకి

జవాబు: హలీం మీద నాకేం అభ్యంతరం లేదు. గోధుమ, మాంసం, పప్పు గంటల తరబడి ఉడికించి దంచింది, దవడ విరిగినవాడికి ఇంతకన్నా మంచి ప్రొటీన్ ఈ ఊళ్లో దొరకదు. పైన చల్లిన వేయించిన ఉల్లిపాయలు, జీడిపప్పు తీసేసి, ఎముక నలుసులు లేకుండా చూసి చెంచాతో పెట్టండి. డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ కూడా సరే. బిర్యానీలో అన్నం మెత్తగా ఉంటే తినొచ్చు, ముక్క మాత్రం ఆరు వారాలు దాటాక, అదీ ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్స్‌రే చూసి సరే అన్నాకే. నల్లి పీల్చడం అప్పటిదాకా బంద్. తిన్న ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించమనండి, ప్లేట్ల దగ్గర మెతుకులు నిలిస్తే చీము పడుతుంది. పెళ్లి భోజనం చివర పళ్లెంలో పెట్టే పాన్ తమ్ముడి చేతికి అందకుండా చూడండి.